సన్న తూటా

వెర్లిన్ ఆర్బోగాస్ట్ జింక వెనక కాళ్ళ మడమల దగ్గర కత్తితో గుండ్రంగా గీసి, తోలు అంచు రెండు చేతులా పట్టుకుని కిందికి లాగాడు. తడిసిన స్వెట్టరు విప్పినట్టు అది తొడల మీదుగా జారి, నడుం దగ్గరికి వచ్చి ఆగింది. అక్కడ కొవ్వు మొండిగా పట్టుకుని ఉంటుంది. పిడికిలి బిగించి తోలుకీ మాంసానికీ మధ్య దూర్చి మెల్లగా తోస్తూ వదులు చేశాడు. కత్తి చాలా తక్కువ వాడతాడు. కత్తి తగిలేకొద్దీ తోలుకి చిల్లులు పడతాయి, మాంసానికి వెంట్రుకలు అంటుకుంటాయి. పిడికిలితో ఆ బాధ లేదు. కాకపోతే వేళ్ళు కొయ్యబారిపోతాయి. అందుకే పక్కన పొయ్యి మీద బకెట్టులో వేణ్ణీళ్ళు ఎప్పుడూ ఆవిరి కక్కుతూ ఉంటాయి.

షెడ్డు తలుపు సగం తెరిచి ఉంది. బయట నవంబరు ఎండ, వెలుగే తప్ప వేడి లేని ఎండ, రాత్రి రాలిన పలచని మంచు మీద పడి మెరుస్తోంది. లోపల ఇనప దూలానికి జింకలు వరసగా తలకిందులుగా వేలాడుతున్నాయి. ఇంకా తోలు ఒలవనివి తలుపు పక్కన, ఒలిచినవి లోపలి గోడ వైపు. కొవ్వు వాసన, తడి రంపపు పొట్టు వాసన, మాడిన కాఫీ వాసన కలిసి ఉన్నాయి. వేట రోజులు మొదలయ్యాక ఆ వాసన వెర్లిన్ టోపీలోకీ, లారీ సీట్లోకీ, దిండులోకీ చేరిపోతుంది. క్రిస్మస్ దాకా వదలదు.

అవతల బల్ల దగ్గర గార్లండ్ ప్రాప్‌స్ట్ ఎముక కోస్తూ రేడియోతో పాటు తనూ గొంతెత్తి పాడుతున్నాడు. షెడ్డు అతనిదే. వెర్లిన్ భార్య నోలాకి తమ్ముడు. ఎర్రటి బుగ్గలు, పొట్టి మెడ, నోటికి తీరిక లేని మనిషి. బావ మీద ఒక జోకైనా వెయ్యకపోతే అతనికి పొద్దుటి కాఫీ కూడా దిగదు.

వెర్లిన్ పొడగరి. వీపు కాస్త వంగింది. పెద్ద పెద్ద చేతులు, తెల్లబడ్డ గడ్డంలో ఎప్పుడూ ఒకటో రెండో జింక వెంట్రుకలు. పని చేసినన్నాళ్ళూ కౌంటీ రోడ్ల శాఖలో మంచు తోసే లారీ నడిపాడు. రాత్రంతా మంచు కురిసిన రోజున పొద్దున్నే లేచి చూసేసరికి కొండ దారి నల్లగా తేటగా కనిపిస్తే, వెర్లిన్ వచ్చి వెళ్ళాడన్నమాట. అందుకు ఎవరూ అతన్ని తలుచుకున్నది లేదు. దారి మూసుకుపోయినప్పుడే జనానికి దారి గుర్తొస్తుంది. అతనికీ ఆ సంగతి బాగానే ఉండేది. అందరూ నిద్రపోతుంటే తనొక్కడూ మేలుకుని ఊరికి దారి వేసి, ఇంటికొచ్చి నోలా చేసిన గోధుమ అట్లు తిని, దుప్పటి ముసుగు పెట్టుకోవడంలో అతనికి ఏ లోటూ కనిపించలేదు. ఉద్యోగం ముగిశాక ప్రతి నవంబరూ గార్లండ్ షెడ్డులో తోళ్ళు ఒలుస్తున్నాడు.

తోలు భుజాల దాకా దిగింది. పిడికిలి మళ్ళీ లోపలికి పోనిస్తుంటే ఏదో గట్టిగా తగిలింది. ముందుకాలి పైన, భుజం ఎముకకి కాస్త వెనగ్గా, బఠాణీ గింజంత ముద్ద. కత్తి మొనతో చీల్చాడు. తెల్లటి కండలో చుట్టుకుపోయి ఒక రాగి పెచ్చు ఉంది. పాత గాయం. ఎప్పుడో తగిలి, జింక చావక, దాని చుట్టూ ఒళ్ళు మూసుకుపోయింది.

"ఏంటి బావా, నిధి దొరికిందా?" రంపం ఆపి అడిగాడు గార్లండ్.

"పాతది."

"సన్నదేనా?"

వెర్లిన్ దాన్ని బకెట్టు నీళ్ళలో కడిగి వెలుగుకి పెట్టి చూశాడు. "చెప్పలేం. పెచ్చే కదా."

"ఏదైతేనేం. డబ్బాలో వేసుకో. మధ్యాహ్నం గలగలలాడించడానికి ఒకటి ఎక్కువైంది."

గార్లండ్ నవ్వాడు. కిటికీ గట్టు మీద పాత పొగాకు డబ్బా ఉంది. ఒలిచిన జింకల్లో దొరికిన తూటాలూ పెచ్చులూ వెర్లిన్ అందులో వేస్తాడు. ఆ డబ్బా ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. జింకల వేటకి ఉపయోగించే రైఫిలు గొట్టం మరీ సన్నగా ఉండకూడదని అక్కడ పాత నియమం. గొర్రెల మీద పడే కయోటీ నక్కలని కొట్టడానికి ఇంటింటా ఉండే తేలిక రైఫిలు ఆ కొలతకి తక్కువ. దానితో కయోటీని కొట్టొచ్చు, జింకని కొట్టకూడదు. ఈ నియమం మార్చాలని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. అడిగినప్పుడల్లా మీటింగు, మీటింగు జరిగినప్పుడల్లా వెర్లిన్ లేచి నిలబడతాడు. జీవితంలో అతను నలుగురిలో నోరు విప్పేది ఆ ఒక్క విషయానికే. పెద్దగా మాట్లాడడు. "ఇవన్నీ నేను ఒలిచిన జింకల్లోవి" అని డబ్బా పైకెత్తి ఊపుతాడు. ఆ చప్పుడుకి హాలంతా ఊరుకుంటుంది. అర్జీ అక్కడితో వీగిపోతుంది.

ఇప్పుడు మళ్ళీ అర్జీ పెట్టినవాళ్ళలో గార్లండ్ కూడా ఉన్నాడు. మీటింగు ఆ మధ్యాహ్నమే.

"నీ డబ్బా ఒక పక్క, నా నోరు ఒక పక్క. చూద్దాం ఈసారి ఎవరు గెలుస్తారో," అన్నాడు గార్లండ్. "మా అక్క మొగుడివని వదిలిపెట్టను, ముందే చెప్తున్నా."

వెర్లిన్ డబ్బా మూత తీసి పెచ్చు అందులో వెయ్యబోయి ఆగాడు. డబ్బాని బల్ల మీద వంపాడు. బూడిద రంగువీ రాగి రంగువీ, పుట్టగొడుగుల్లా విచ్చుకున్నవీ, నలిగి రేకులైనవీ, అన్నీ దొర్లాయి. వేలితో వాటిని అటూ ఇటూ తోశాడు. కొన్ని ఇటు, కొన్ని అటు. కాసేపు వాటినే చూసి, మళ్ళీ అన్నీ దోసిలితో ఎత్తి డబ్బాలో పోశాడు. ఎడమ చెయ్యి మోచేతి దాకా లాగుతున్నట్టు అనిపిస్తే వేణ్ణీళ్ళలో ముంచి కాసేపు అలాగే ఉంచాడు. వెచ్చదనం ఎముక దాకా పాకుతుంటే కళ్ళు మూసుకున్నాడు. ఈ సుఖం కోసమైనా ఈ చలి పని చెయ్యొచ్చనుకున్నాడు.

బయట లారీ ఆగింది. హోబర్ట్ రెక్స్‌రోడ్ వెనక తలుపు దించి ఒక కొమ్ముల జింకని కాళ్ళు పట్టుకుని లాగుతున్నాడు. వెర్లిన్‌తో పాటు ఒకే బడిలో చదివినవాడు, ఒకే గుట్టమీద వేటాడినవాడు. సన్నగా, ఎండిన కర్రలా ఉంటాడు. వేటలో అతనికి పట్టింపులు ఎక్కువ. మెడకి గురిపెట్టడు, పరిగెత్తే జింక మీద పేల్చడు, చీకటి పడ్డాక తుపాకి ముట్టుకోడు. సన్న తూటా మాటెత్తితే మండిపడతాడు.

ఇద్దరూ కలిసి జింకని దూలానికి ఎక్కించారు. వెర్లిన్‌కి ఆయాసం వచ్చి గోడకి చెయ్యి ఆనించాడు.

"పెద్దవాడివైపోయావురా," అన్నాడు హోబర్ట్.

"నువ్వు కుర్రాడిలా ఉన్నావు మరి."

"రెండింటికి హాల్లో ఉంటావుగా? ముందు నేను మాట్లాడతా. నువ్వు చివర్లో లే. నీ తర్వాత ఎవడూ లేవకూడదు."

"చూద్దాంలే."

"చూద్దాం ఏంట్రా?" హోబర్ట్ అతని మొహంలోకి చూశాడు. "ఆ సన్న తూటా పక్క నించి తగిలితే ఏమవుతుందో నువ్వు చూసినట్టు ఎవరు చూశారు? నెత్తురు చుక్క పడదు, ఎటుపోయిందో తెలీదు. ఏ లారెల్ పొదలోనో పడి మూడ్రోజులు తన్నుకుని చస్తుంది. ఆ పాపం ఎవడికి కావాలి?"

"నిజమే," అన్నాడు వెర్లిన్. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాడు. షెడ్డు నుంచి వాగు దాటి పైకెక్కితే అతని ఇల్లు. ఇంటి వెనక కొండ వాలంతా గొర్రెల పచ్చిక. నోలా కంచె దగ్గర నిలబడి ఎడంచేత్తో గడ్డి విసురుతోంది. చిన్న మనిషి. వెర్లిన్ చొక్కా వేసుకుంటే మోకాళ్ళ దాకా వస్తుంది. కుడి చెయ్యి మోచేతి నుంచి కింద మాత్రమే కదుపుతుంది. రెండేళ్ళ కిందట పొట్టేలు వెనక నుంచి కుమ్మి కంచె మీదికి విసిరేస్తే భుజం ముక్కలైంది. డాక్టర్లు ఇనుము పెట్టి కుట్టారు. పొట్టేలుని మాత్రం అమ్మనివ్వలేదు ఆమె. "దానికేం తెలుసు, నేనే అడ్డం నిలబడ్డా," అంటుంది.

బల్ల మీద ఉడికిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, ఆపిల్ గుజ్జు సిద్ధంగా ఉన్నాయి. ఆపిల్ సీసా మూత మాత్రం అతనికోసం ఆగింది. తియ్యమని ఆమె అడగదు, తీశానని అతను చెప్పడు. సీసా అతని కంచం పక్కన ఉంటుంది, అంతే.

"గార్లండ్ పొద్దున్నే ఫోను చేశాడు," అంది నోలా రొట్టె విరుస్తూ. "మీటింగులో నా సంగతి చెప్తానంటాడు. అక్క భుజం, అక్క ఏడుపు, అక్క గురి అంటూ. చెప్పావంటే ఇక నా గుమ్మం తొక్కకు అన్నా."

"మంచిపని చేశావు."

"నువ్వు కూడా నా పేరెత్తకు. నా ఎముకల గురించి ఊరంతా కూర్చుని మాట్లాడుకోవడం నాకిష్టం లేదు."

"నేనెందుకు ఎత్తుతాను?"

"ఎప్పుడూ ఎత్తేది డబ్బానే కదా," అని ఆమె నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. అదే అతనికి గుచ్చుకుంది.

పెళ్ళయిన మొదటి శరత్కాలం నుంచీ వాళ్ళిద్దరూ కలిసే వేటకి వెళ్ళేవారు. లాంట్స్ గుట్ట మీద ఒకే ఓక్ చెట్టుకి చెరో వైపు వీపు ఆనించి కూర్చునేవారు. ఆమె లోయ వైపు, అతను శిఖరం వైపు. గంటల తరబడి మాట ఉండేది కాదు. మధ్యలో ఆమె బిస్కెట్టు విరిచి చెట్టు చుట్టూ చెయ్యి చాపి అతనికి అందించేది. ఇద్దరిలో గురి ఆమెదే మెరుగు. ఈ సంగతి గార్లండ్ ఊరంతా చెప్పాడు, వెర్లిన్ ఎప్పుడూ కాదనలేదు.

భుజం కుట్టిన తర్వాత వచ్చిన నవంబరులో ఆమె తన పాత రైఫిలు తీసి పచ్చిక చివర అట్టపెట్టె మీద ఒక్కసారి పేల్చి చూసింది. తుపాకి వెనక్కి తన్నిన తన్నుకి మోకాళ్ళ మీద కూలబడింది. అతను పరిగెత్తుకెళ్ళేసరికి పెదవి కొరుక్కుని కూర్చుంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "ఏం లేదు, చలికి," అంది. రైఫిలు తుడిచి, నూనె రాసి, బీరువాలో పెట్టేసింది. ఆ తర్వాత మళ్ళీ ఆ మాటెత్తలేదు. అతనికోసం పొద్దున్నే ఒక్క ఫ్లాస్కులోనే కాఫీ పోసిచ్చేది.

కానీ గొర్రెలు ఈనే రోజుల్లో కయోటీలు దిగినప్పుడు ఆ తేలిక రైఫిలుని కంచె మీద ఆనించి, ఎడమ భుజానికి పెట్టుకుని, వాటిని కొట్టేది. అది పెద్దగా తన్నదు. ఎడమ భుజంతో కొత్తగా నేర్చుకున్నా గురి తప్పలేదు. వెర్లిన్ వంటింటి కిటికీలోంచి అది చూశాడు. చూసి, కిటికీ దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు.

భోజనం అయ్యాక ఆమె చలికోటు తొడుక్కోబోతే కుడి చేతి వైపు కోటు పట్టుకుని సాయం చేశాడు. ఆమె గడ్డి వెయ్యడానికి వెళ్ళింది. అతను హాలుకి బయల్దేరాడు. తోవలో షెడ్డు ముందు లారీ ఆపాడు. కిటికీ అద్దంలోంచి డబ్బా కనిపిస్తోంది. ఇంజను ఆపకుండానే కాసేపు చూసి, గేరు మార్చి ముందుకి పోయాడు.

అగ్నిమాపక కేంద్రం హాల్లో ఫైరింజన్లని బయటికి తోసి, మడత కుర్చీలు వేశారు. సగం మంది నారింజ రంగు వేట చొక్కాల్లోనే వచ్చారు. ఆడవాళ్ళు చేసుకొచ్చిన గుమ్మడికాయ కేకులు గోడ పక్క బల్ల మీద ఉన్నాయి. వేట శాఖ నుంచి వచ్చిన కెస్లర్ అనే అమ్మాయి అందరికీ నమస్కరించి, మర్యాదగా చెప్పింది.

"ఇక్కడ నేను తేల్చేదేమీ లేదండీ. మీరు చెప్పేది విని, పైవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్తాను. అందుకని ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకోవద్దు. నా మీద అరిస్తే పర్వాలేదు."

జనం నవ్వారు. గార్లండ్ మొదట లేచాడు. బరువు తుపాకులు మోయలేని ముసలివాళ్ళున్నారనీ, సన్నగా ఉండే ఆడపిల్లలున్నారనీ, తన్నుకి భయపడి కళ్ళు మూసుకుని పేల్చేవాడికన్నా తేలిక తుపాకితో కళ్ళు తెరిచి పేల్చేవాడే నయమనీ అన్నాడు. అక్క పేరు మాత్రం నోటి దాకా వచ్చి ఆగింది. లోయ ఊరి నుంచి వచ్చిన ఒకామె ఆ మాటకి గట్టిగా చప్పట్లు కొట్టింది.

హోబర్ట్ లేచాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆ తుపాకి మంచి చేతిలో పడితే మంచిదే. నేను కాదనను. కానీ నియమం రాసేది మంచి చేతుల కోసం కాదు. దూరాన ఏదో కదిలితే చాలు పేల్చేసేవాడి కోసం. వాడికి పెద్ద తూటా ఉంటే కనీసం జింక పడుతుంది. సన్నది ఇస్తే అది గాయంతో పరిగెడుతుంది. వాడు ఇంటికి పోతాడు. అది అడవిలో మిగిలిపోతుంది. నేను చెప్పేది అంతే."

కూర్చుంటూ హోబర్ట్ వెర్లిన్ వైపు చూశాడు. అందరూ చూశారు. వెర్లిన్ లేచాడు. అతని చేతులు ఖాళీగా ఉండడం ముందు హోబర్టే గమనించాడు.

"డబ్బా ఏదిరా?" అన్నాడు మెల్లగా.

"షెడ్డులో ఉంది," అన్నాడు వెర్లిన్. గొంతు సవరించుకున్నాడు. డబ్బా లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో దోపుకున్నాడు.

"హోబర్ట్ చెప్పినదాంట్లో తప్పేం లేదు. నేనూ అదే చెప్తూ వచ్చాను. సన్న తూటా తగిలిన జింక నెత్తురు కార్చదు. నేను వెతికాను, తెలుసు." ఆగాడు. "కానీ ఆ డబ్బా సంగతి ఒకటి ఉంది. దాంట్లో సన్నవి ఉన్నాయి. పెద్దవీ ఉన్నాయి. పెద్దవే ఎక్కువ. తొడలో తగిలినవి, పొట్టలో తగిలినవి. అన్నీ సన్నవే అని నేనెప్పుడూ అనలేదు. మీరు అనుకున్నారు. నేను అనుకోనిచ్చాను."

ఎవరో వెనక కుర్చీలో కిసుక్కున నవ్వారు. గార్లండ్ మాత్రం నవ్వలేదు.

"ఇంకోటి. నాకు తెలిసిన ఒక మనిషి ఉంది. పేరు చెప్పొద్దంది, చెప్పను." హాలంతా నవ్వింది. ఆ కొండల్లో ఆ మనిషెవరో తెలియనివాళ్ళు లేరు. వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. "నాకంటే బాగా కొడుతుంది. దగ్గరికి రానిచ్చి కొడుతుంది. రాకపోతే ఊరుకుంటుంది. ఇప్పుడు ఆ మనిషి ఇంట్లో కూర్చుంటోంది. పెద్ద తుపాకి చేతిలో ఉన్న పనికిమాలినవాడు గుట్ట ఎక్కుతున్నాడు. ఇది నాకు సరిగా లేదనిపిస్తోంది. ఇంతకన్నా నాకు తెలీదు. సన్నదాన్ని ఒప్పుకోమనే నా మాట. దగ్గరికి రానిచ్చి కొట్టమని కూడా రాయండమ్మా, రాయగలిగితే."

కెస్లర్ తలూపింది. "అది నియమంలో ఎలా రాయాలో నాకు తెలీదండీ. కానీ మీరన్నారని చెప్తాను."

వెర్లిన్ కూర్చున్నాడు. హోబర్ట్ అతని వైపు తిరగలేదు. మీటింగు ముగిసి, కేకులు పంచుకుని, జనం లారీల వైపు కదిలేదాకా తిరగలేదు. బయట వెర్లిన్ లారీ తలుపు తీస్తుంటే వెనక వచ్చి నిలబడ్డాడు.

"నాకొక్క మాట ముందే చెప్పొచ్చుగా," అన్నాడు.

"చెప్తే నువ్వు ఊరుకునేవాడివా?"

"ఊరుకునేవాణ్ణి కాదు." హోబర్ట్ నేల మీద మంచుని బూటుతో రాశాడు. "నువ్వు చెప్పింది తప్పు. ఇప్పటికీ నాది అదే మాట."

"తెలుసు."

"సరే. సోమవారం గుట్ట ఎక్కుదాం. నా వంతు కాఫీ కూడా నువ్వే తేవాలి, ఈ పాపానికి."

"తెస్తా," అన్నాడు వెర్లిన్. దారంతా వేళ్ళతో స్టీరింగు మీద తాళం వేస్తూ ఇల్లు చేరాడు.

పొద్దు ఇంకా గుట్ట మీద ఉంది. నోలా గుమ్మంలోనే నిలబడి ఉంది. ఫోను తీగ కన్నా వేగంగా మాట పరిగెత్తించే మనిషి ఆమె తమ్ముడు. అన్నీ చెప్పేశాడని ఆమె మొహం చూడగానే అర్థమైంది.

"నా పేరు ఎత్తలేదంటగా," అంది.

"ఎత్తలేదు."

"పేరొక్కటే మిగిల్చావట."

అతను నవ్వి పక్కనించి లోపలికి జారుకోబోయాడు. ఆమె దారి వదల్లేదు.

"ఇన్నేళ్ళూ కాదు కాదని, ఇవాళ ఏమొచ్చింది నీకు?"

అతను టోపీ తీసి చేతిలో తిప్పాడు. "గుట్ట మీద కూర్చోలేకపోతున్నా నోలా. చెట్టుకి అవతలి పక్క నుంచి చలిగాలి కొడుతోంది. అంతకుముందు ఎప్పుడూ కొట్టలేదు."

ఆమె ఎడంచేత్తో అతని గడ్డంలోంచి జింక వెంట్రుక ఒకటి తీసి పారేసింది. తర్వాత పక్కకి జరిగింది.

రాత్రి వంటకి వీపు మీది మెత్తటి మాంసం ఉంది. ఆమె ఉల్లిపాయలు తరిగి మూకుట్లో వేసింది. అతను ముందు గదిలో కట్టెల పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. నోలా వంటింట్లోంచే మాట్లాడుతోంది. వాళ్ళు ఒప్పుకుంటారన్న నమ్మకం లేదంది. ఒప్పుకుంటే మాత్రం వచ్చే ఏడాది మొదటి రోజే ఎక్కాలంది.

"ఆ తేలిక దానికి కొత్త పట్టీ వెయ్యాలి. పాతది ఎలకలు కొరికినట్టుంది."

"ఊఁ."

"నువ్వు లోయ వైపు కూర్చో ఈసారి. నాకు శిఖరం వైపు చూడాలనుంది. ఎప్పుడూ నీకే ఆ ఎండ."

"సరే," అన్నాడతను. ఆ గొంతులో నవ్వు వినిపించింది ఆమెకి.

ఉల్లిపాయలు ఎర్రబడ్డాయి. మాంసం ముక్కలు వేసింది, ఉప్పు చల్లింది, రొట్టె పొయ్యిలోంచి తీసింది. కంచాలు పెడుతూ రమ్మని పిలిచింది. ఇంకోసారి పిలిచింది. పొద్దున్నుంచీ షెడ్డులో నిలబడ్డవాడు కదా, కునుకు పట్టిందనుకుంది. మూకుడు మీద మూత పెట్టి, చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది. ఒక బూటు విప్పి పొయ్యి పక్కన పెట్టి ఉంది. రెండోదాని తాళ్ళు వదులు చేసి ఉన్నాయి. అతను కుర్చీలో వెనక్కి వాలి, తల ఓ పక్కకి వొరిగి, హాయిగా ఉన్నాడు. చెంప ఇంకా వెచ్చగానే ఉంది. పొయ్యి వెచ్చదనమది, ఊపిరి లేదు. నోలా రెండో బూటు కూడా విప్పి, మొదటిదాని పక్కన పెట్టి, పక్కనున్న ముక్కాలి పీట మీద అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది. గార్లండ్‌కి ఫోను చెయ్యడానికి చాలాసేపటి దాకా లేవలేదు.

చలికాలం గడిచింది. గొర్రెలు ఈనాయి. ఎండలు ముదిరిన రోజుల్లో ఓ సాయంత్రం హోబర్ట్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"సన్నదాన్ని ఒప్పుకున్నారంట వదినా. నేను ఓడిపోయా. కాఫీ ఉందా?"

ఆమె కాఫీ పోసింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని తాగారు. కాసేపటికి హోబర్ట్ పాత మీటింగులో గార్లండ్ నోటి దాకా తెచ్చుకుని మింగేసిన మాట తలుచుకుని నవ్వాడు, ఆమె కూడా నవ్వింది.

నవంబరులో వేట మొదలైన రోజున నోలా ఒక్కతే గుట్ట ఎక్కింది. తోడొస్తానన్న గార్లండ్‌ని గుట్ట కింద లారీలో కూర్చోమంది. తేలిక రైఫిలు ఎడమ భుజానికి తగిలించుకుని, ఆకుల మీద అడుగులు చూసుకుంటూ మెల్లగా నడిచింది. చెట్టు దగ్గరికి చేరేసరికి వెలుగు వచ్చింది. శిఖరం వైపు వెళ్ళి కూర్చుందామనుకుంది. కానీ లోయ వైపు తన పాత చోటు దగ్గర ఏదో కనిపించి ఆగింది.

కార్నెల్ చెట్టు పంగల కొమ్మ ఒకటి నేలలో పాతి ఉంది. దాని చుట్టూ రాళ్ళు కూరి గట్టిగా బిగించారు. కోసిన చోట చెక్క నల్లబడింది, ఒక చలికాలమూ ఒక వేసవీ దాని మీదుగా వెళ్ళాయి. ఆమె కూర్చుని చూసింది. తుపాకి ఆనించడానికి సరిగ్గా ఆమె ఎత్తుకి, ఆమె ఎడమ భుజానికి తగ్గట్టు ఉంది. అతను కూర్చుంటే అది అతని పొట్ట దాకే వస్తుంది. మీటింగుకి ముందు అతను ఒంటరిగా గుట్ట ఎక్కిన రోజుల్లో ఏదో ఒక రోజున పాతి ఉండాలి. ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పలేదు.

ఆమె రైఫిలు పంగలో పెట్టింది. కదలకుండా నిలిచింది.

ఎండ లోయలోకి దిగాక ఒక ఆడ జింక లారెల్ పొదల్లోంచి వచ్చింది. దూరంగా ఆగి గాలి వాసన చూసింది. నోలా వేలు కదపలేదు. అది రాలిన ఓక్ కాయలు ఏరుకుంటూ, తోక ఊపుకుంటూ దగ్గరికి వచ్చింది, ఇంకా దగ్గరికి వచ్చింది. దాని కంటి చుట్టూ ఉన్న తెల్లటి వలయం కనిపించాక, అది పక్కకి తిరిగాక, అప్పుడు పేల్చింది. జింక ఒక్కసారి ఎగిరి, పొద దాకా పరిగెత్తి, ముందుకాళ్ళ మీద ముడుచుకుని పడింది. మళ్ళీ లేవలేదు. భుజం నొప్పి పెట్టలేదు.

నోలా లేచి జింక దగ్గరికి వెళ్ళి, పక్కన కూర్చుని దాని మెడ మీద చెయ్యి వేసింది. తర్వాత రైఫిలు తగిలించుకుని గార్లండ్‌ని పిలవడానికి కిందికి దిగింది.

ఆ కొమ్మ అక్కడే ఉంది, తుపాకికి గీత పడకుండా దాని పంగకి చుట్టి ముడివేసిన బూడిద రంగు ఉన్ని మేజోడుతో సహా. జతలో రెండోది ఏమైపోయిందని ఆ ఏడాదంతా ఆమె ఇల్లంతా వెతికిన మేజోడు అది.